రెండు వేళ్లతో తిరిగిన కుళాయి

ఆ ఇంట్లో వస్తువులకు చావు లేదు. చెడిపోవడం వరకే వాటి ఇష్టం, ఆ తర్వాత సంగతి టర్నరు చూసుకునేవాడు. ఫ్యాను రెగ్యులేటరు పిడి అరిగిపోయి ఊరికే గిర్రున తిరుగుతోందంటే, సాయంత్రానికి దాని స్థానంలో ఇత్తడి పిడి మెరుస్తూ ఉండేది. సొరుగు ఇరుక్కుంటే దాని కిందకు నైలాను చక్రాలు వచ్చేవి. తలుపు దిగిపోయి గచ్చును గీస్తుంటే బందులో ఓ వాషరు వేసి ఎత్తేవాడు. పిడి విరిగిందని కుక్కరునే పారేసి కొత్తది కొనుక్కునే మనుషులంటే ఆయనకు జాలి. "విరిగింది పిడి కదయ్యా, కుక్కరేం పాపం చేసింది?" అనేవాడు.

వీధిలో అందరూ ఆయన్ను టర్నరు గారనే పిలిచేవారు. టర్నరుగా పనిచేసిన ఫ్యాక్టరీ పాత మిషన్లను తుక్కు కింద అమ్మేస్తుంటే, అందులోంచి లోహాన్ని తిప్పుతూ చెక్కే ఓ చిన్న లేత్‌ను తెచ్చి పెరట్లో రేకుల షెడ్డు వేసి అందులో కూర్చోబెట్టాడు. అది ఇంటికొచ్చిన రోజు ఆయన భార్య దాని చుట్టూ ఓసారి తిరిగి చూసి, "సవతిని తెచ్చుకున్నా తెచ్చుకున్నారు, నలుగురు మోస్తే గానీ కదలనిదాన్ని తెచ్చుకున్నారు" అంది. ఆ సవతి మీద ఆవిడకు పెద్ద కోపమేమీ లేదు. ఆవిడ కుట్టుమిషన్ నూనె గొట్టం దగ్గర్నుంచి బాబిన్ దాకా అన్నీ దాని మీదే బాగుపడేవి.

ఆవిడ దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషన్, దాని వెనక అలమరలో ఎవరి బట్ట వారిది మూటగట్టి ఉండేది. మిషన్ మీద కుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, చేత్తో కాజాలు తీయడంలో ఆవిడకు సాటి లేదు. ఆవిడ తీసిన కాజా చూస్తే బొత్తాం దానంతటదే వెళ్లి దూరాలనుకుంటుందని లెక్కల టీచరు అనేది. ఆ టీచరు ఈ ఇంటికి చాలా పాత ఖాతాదారు.

టర్నరుకు ఒక నియమం ఉండేది. ఫ్యాక్టరీలో తయారయ్యే ముక్క ఏదైనా పాడైతే ఫోర్‌మన్ ముందుగా మనిషిని తిట్టేవాడు. టర్నరు మాత్రం, "ముందు మిషన్ చూడండి సార్, తర్వాత మనిషిని అందురు గాని" అని అడ్డుపడేవాడు. చాలాసార్లు తప్పు మిషన్‌లోనే దొరికేది. అలా ఎంతమంది మాట పడకుండా కాపాడాడో లెక్కలేదు. మంచి నియమమే. మంచి నియమంతో వచ్చిన చిక్కేమిటంటే, దాన్ని అనుమానించాలని మనకు తోచదు.

మొదట పంచదార డబ్బా వచ్చింది.

"ఈ మూత రావట్లేదండీ, కాస్త చూడండి" అంది ఆవిడ.

ఆయన తీసిచ్చాడు. మళ్లీ రెండ్రోజులకు కాఫీ సీసా తెచ్చింది. మూత తీయడానికి ప్రతిసారీ మనిషి కావాలా ఏమిటని, ఆయన ఓ చెక్క పిడికి పాత తోలు బెల్టు ముక్క బిగించి, మూత చుట్టూ చుట్టి తిప్పే పనిముట్టు చేశాడు. ఎలాంటి మూతైనా చచ్చినట్టు ఊడొచ్చేది. ఆ తర్వాత వీధి తలుపు తాళంచెవి. దాని తల మరీ చిన్నదిగా ఉంది, పట్టు దొరకట్లేదంది. ఆయన దానికి వెడల్పాటి ఇత్తడి రేకు అతికించి, అంచులు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో గుండ్రంగా రుద్ది ఇచ్చాడు.

అప్పుడు కుళాయి వచ్చింది.

"పెరట్లో కుళాయి పట్టేసిందండీ. రెండు చేతులూ వేసినా తిరగట్లేదు."

ఆయన పానా, కొత్త వాషరు పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. విప్పే ముందు ఎంత బిగుసుకుందో చూద్దామని బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని తిప్పాడు. కుళాయి తిరిగింది. నీళ్లు వచ్చాయి. కట్టేసి మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే తేలిగ్గా తిరిగింది. నీళ్లు పాదాల మీద పడుతుంటే అక్కడే నిలబడిపోయాడు. లోపలికి వెళ్లి, "ఏమోయ్, ఒకసారి నీ చెయ్యి చూపించు" అనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

అడగలేదు. అడిగితే ఏం బయటపడుతుందో, అది తన చేతిలో పనిముట్లకు లొంగేది కాదని ఆయనకు తెలిసిపోయింది. కుళాయి కట్టేసి షెడ్డులోకి వెళ్లాడు. లేత్ స్విచ్చి వేయగానే ఆ మోతకు గుండె కుదుటపడింది. జానెడు ఇత్తడి కడ్డీ తీసి, ఒక కొస కుళాయి తలకు సరిపోయేలా తొలిచి, చిటికెన వేలితో తోసినా తిరిగే పిడి తయారు చేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయనకు హాయిగా ఉంది. ఆ హాయి తలచుకుంటే ఇప్పుడు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

"పాత కుళాయి కదా, ఒక్కోసారి పట్టేస్తుంది" అన్నాడు ఆ పూట భార్యతో.

"ఓహో, అలాగా" అంది ఆవిడ.

ఆ తర్వాత కూడా ఆవిడ కొన్ని అడిగింది గానీ, మునుపటిలా చూడండి అనేది కాదు. ఫలానాది జారిపోతోంది అని గోడకు చెప్పినట్టు చెప్పి ఊరుకునేది. ఆయన దానికో పనిముట్టు చేసేవాడు. చివరికి సూది జారిపోతోందంది. "ఈ మధ్య సూదులు మరీ సన్నగా వస్తున్నాయిలే" అన్నాడాయన. పెన్సిలంత ఇత్తడి గొట్టం తీసుకుని, దాని మూతి నాలుగు చీలికలుగా కోసి, పైన మరతో బిగుసుకునే చిన్న టోపీ పెట్టాడు. అందులో సూది పెట్టి టోపీ తిప్పితే, ముక్కను బిగించి పట్టే లేత్ చక్‌లో కడ్డీ కూర్చున్నట్టు కూర్చునేది. వేళ్లు జారకుండా ఒంటినిండా గళ్లు కూడా కొట్టాడు. తన జన్మలో అంత అందమైన పని ఇంకోటి చేయలేదనుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకుని వీధంతా తిప్పి చూపించాడు.

"భర్తంటే మీరేనండీ" అంది లెక్కల టీచరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. "అదృష్టవంతురాలు ఆవిడ."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత అలాంటివాళ్ల కోసమే పుట్టి ఉంటుంది. ఆ ఇత్తడి పిడితో ఆవిడ తీస్తున్న కాజాలు వంకర పోతున్నాయి. పొద్దున తీసినవి మధ్యాహ్నం విప్పి మళ్లీ కుడుతోంది. ఆయన పిడి ఎలా ఉందో చూశాడు తప్ప కాజా ఎలా ఉందో చూడలేదు.

కూతురు వేరే ఊళ్లో బ్యాంకులో పనిచేస్తుంది. సెలవు పెట్టుకుని వచ్చింది. ఇల్లంతా తిరిగి, కొత్తగా మొలిచిన పిడులూ కడ్డీలూ చూసి మొదట బాగా నవ్వింది. "నాన్నా, ఇది ఇల్లా, మ్యూజియమా?" అంది. ఆయన మురిసిపోతూ ఒక్కోదాని సంగతీ చెబుతున్నాడు. అదే సమయానికి తల్లి పెరటి మెట్టు దిగుతోంది. ఒక చెయ్యి గోడ మీద వేసి, కళ్లు తన పాదాల మీదే పెట్టుకుని, కాలు ఎక్కడ పడుతోందో చూసి చూసి వేస్తోంది. కూతురి నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఇలా రా. రెండు చేతులూ పక్కపక్కన పెట్టు."

కుడి బొటనవేలి మొదట్లో కండ ఉండాల్సిన చోట గుంట పడింది. వేళ్లు చాచమంటే పూర్తిగా చాచలేకపోతోంది.

"నాన్నా, ఇది నువ్వు చూళ్లేదా?" అంది కూతురు. ఆ గొంతులో నింద లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. ఆయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. "కుళాయి..." అని ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

పెద్దాసుపత్రిలో మెడకు స్కాన్ తీశారు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము నలిగిపోతోందని డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించాడు. చేతుల్లో పట్టు తగ్గడం, నడక తూలడం, అన్నీ అందువల్లేనట.

"ఇంట్లో దేనికైనా ఇబ్బంది పడ్డారామ్మా? మూతలు తీయడం, బొత్తాలు పెట్టుకోవడం, కుళాయి తిప్పడం, అలాంటివి?"

"మావారు అన్నిటికీ ఏదో ఒకటి చేసి పెట్టేవారండి" అంది ఆవిడ. "అందుకని ఇబ్బంది అనిపించలేదు."

డాక్టరు టర్నరు వైపు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. "మంచి పని చేశారు. కాకపోతే, ఇంకాస్త ముందే వచ్చి ఉంటే బాగుండేది. ఆపరేషన్ చేస్తే ఇంతకన్నా ముదరకుండా ఆపగలం. పోయిన బలం ఎంత తిరిగొస్తుందన్నది మాత్రం మన చేతుల్లో లేదు. వచ్చేది ఆరు నెలల్లో వస్తుంది. అప్పటికీ కదలిక లేకపోతే ఇక దాని మీద ఆశ పెట్టుకోకూడదు."

టర్నరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది తానేనని ఆ గదిలో ఒక్క తనకే తెలుసనుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నడక కుదుటపడింది. ఎడమచెయ్యి మెల్లగా దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. వ్యాయామం నేర్పడానికి వచ్చిన అమ్మాయి వంటిల్లు చూసి, "ఇవన్నీ తీసేయండి అంకుల్. ఆవిడ వేళ్లతోనే అన్నీ చెయ్యాలి, ఎంత కష్టమైనా సరే. మీరు సాయం చెయ్యకుండా పక్కన కూర్చోండి, అంతే" అంది.

ఆయన పిడులన్నీ విప్పి షెడ్డులో ఓ డబ్బాలో పడేశాడు. పక్కన కూర్చోవడం మాత్రం ఆయనకు వచ్చిన విద్య కాదు. ఆవిడ కుళాయితో కుస్తీ పడుతుంటే ఆయన చేతులు వాటంతటవే లేచేవి. ఓ రోజు వేళ్లకు వ్యాయామమిచ్చే స్ప్రింగు బిళ్ల ఒకటి చేద్దామని లేత్ ముందు నిలబడ్డాడు. స్విచ్చి మీద చెయ్యి వేశాక, ఆ హాయి మళ్లీ రాబోతోందని తెలిసి భయపడి బయటికొచ్చేశాడు.

అలమరలో బట్టలు అలాగే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "చెయ్యి రాగానే మొదట మీదే కుడతాను" అనేది ఆవిడ. "తొందరేం లేదండీ" అని వాళ్లూ వెళ్లిపోయేవారు. అందులో స్కూలు యూనిఫారం గుడ్డ ఒకటుంది. కొలతలిచ్చిన పిల్ల ఈలోగా ఆ గుడ్డకు అందకుండా పెరిగిపోయింది. అయినా ఆవిడ ఆ మూటను కదలనివ్వలేదు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ కుట్టుమిషన్ ముందు కుర్చీలో కూర్చునేది. ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని తన చూపుడువేలు చాపేవాడు. ఆవిడ కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పెట్టుకుని ఉన్న బలమంతా పెట్టి నొక్కేది. పళ్లు బిగిసేవి, నుదుటి మీద చెమట పట్టేది. ఆయన వేలికి గుడ్డ తగిలినంత ఒత్తిడి కూడా తెలిసేది కాదు.

"ఎలా ఉంది?" అనేది.

"నిన్నటికన్నా నయం" అనేవాడు.

వెంట్రుకలో సగం తేడాను వేలి కొసతో పట్టే మనిషి ఆయన. ఆ వేలితోనే రోజూ అబద్ధం చెబుతున్నాడు. ఇది కూడా ఆ కుళాయి పిడిలాంటిదేనని, మళ్లీ అదే పని చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసీ ఆవిడ మొహం చూసి ఆ మాటే అనేవాడు.

డాక్టరు చెప్పిన గడువు దగ్గరపడింది. ఓ మధ్యాహ్నం ఎప్పట్లాగే వేలు నొక్కి ఆవిడ అడిగింది. "ఇవాళ?"

"నిన్నటికన్నా..."

"ఆగండి. రోజూ నిన్నటికన్నా నయమైతే, ఈపాటికి మీ వేలు విరిగిపోవాలి."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"కుళాయి పట్టేసిందని చెప్పిన రోజు నేను వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను" అంది. "మీరు రెండు వేళ్లతో తిప్పారు. కట్టేసి మళ్లీ తిప్పారు. నీళ్లు కాళ్ల మీద పడుతున్నా కదల్లేదు. ఇప్పుడు లోపలికొచ్చి నన్ను అడుగుతారనుకున్నాను. అడిగితే అన్నీ చెప్పేద్దామని చెయ్యి తుడుచుకుని నిలబడ్డాను కూడా. మీరేమో షెడ్డులోకి వెళ్లిపోయారు."

తనొక్కడికే తెలుసనుకుని ఇన్నాళ్లూ మోసిన బరువు, ఆవిడ కూడా మొదటి రోజు నుంచీ మోస్తూనే ఉందన్నమాట.

"అప్పటికే నాకు బొత్తాలు పెట్టుకోవడం రావట్లేదు. మీ మొహం చూశాక ఎలా చెప్పను? నాకన్నా మీకే ఎక్కువ భయమని తెలిసిపోయింది. సరే, ఈయన చేసిచ్చినవి వాడుకుంటూ పోదాం, అదే సర్దుకుంటుంది, అనుకున్నాను."

"నన్ను తిట్టవోయ్" అన్నాడాయన.

"తిడితే ఏమొస్తుంది? నేను నొక్కుతుంటే మీ వేలికి తెలుస్తోందా, లేదా? అది చెప్పండి."

ఆయన అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. కాళ్లు పెరటి వైపే తిరిగాయి. ఆవిడ కళ్లు ఆయన వెంటే వచ్చాయి. ఆయన మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

"లేదు" అన్నాడు. "బలం రాలేదు. మొదటి రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. నేను రోజూ అబద్ధమే చెప్పాను."

ఆవిడ తన చేతి వంక చూసుకుంది. తర్వాత ఏడ్చింది. మామూలుగా కళ్లు ఒత్తుకునే ఏడుపు కాదు, చిన్నపిల్లలా బిగ్గరగా ఏడ్చింది. ఎన్నో ఏళ్ల పని, ఎంతో పేరు, అన్నీ ఆ ఏడుపులో ఉన్నాయి. ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఎదురుగా కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఏడుపు ఆగాక ఆవిడ మొహం కడుక్కొచ్చి, అలమర తలుపు తీసింది. "వాళ్లను ఇంకా ఎందుకు ఆశపెట్టడం? ఎవరి బట్టలు వాళ్లకి ఇచ్చేసి రండి."

"ఏమని చెప్పమంటావ్?"

"ఉన్నదే చెప్పండి. చెయ్యి ఇక రాదని, చూపించుకోవడం ఆలస్యమైందని."

"ఎందుకాలస్యమైందని అడిగితే?"

"మనవల్లే అనండి" అంది ఆవిడ, మూటలు ఎడమచేత్తో ఒక్కొక్కటే దించుతూ.

ఆ 'మన' ఆయనకు మింగుడుపడలేదు. మూటలు సంచిలో సర్దుకుని మొదట లెక్కల టీచరు ఇంటికి వెళ్లాడు. ఆవిడ గుడ్డ అందుకుని, విషయం విని కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయ్యో, మరి ముందే చూపించుకోలేకపోయారా?"

"నావల్లే ఆలస్యమైందండీ" అన్నాడు టర్నరు. "నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను."

"అలా అనుకోకండి. ఆవిడకు మీరు చేసినన్ని ఎవరు చేస్తారు? మా ఆయన గోడకు మేకు కూడా కొట్టడు."

యూనిఫారం పిల్ల ఇంట్లోనూ అదే మాట. ఆ పక్కింట్లోనూ అదే. ఒకాయనైతే వాకిట్లోకొచ్చి భుజం తట్టి, మీలాంటివాళ్లు ఇలా కుంగిపోకూడదని ధైర్యం చెప్పి పంపించాడు. గడప గడపకూ వెళ్లి నేరం ఒప్పుకున్నా పట్టుకునేవాడు లేడు. సంచి ఖాళీ అయింది గాని ఆయన ఛాతీ మీద బరువు అలాగే ఉంది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ ఖాళీ అలమర ముందు కూర్చుని ఉంది.

"ఏమన్నారు?"

"నాదే తప్పని అందరికీ చెప్పానోయ్. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా పొగిడారు."

"అనరు. వాళ్లకేం తెలుసు?" అంది. ఆవిడ చూపు ఖాళీ అరల మీద నుంచి మెల్లగా ఆయన మీదికి వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఏనాడూ ఆయన్ను 'మీరు' తప్ప మరో మాటతో పిలవని మనిషి, ఉన్నట్టుండి గొంతు పెంచింది.

"నీకు తెలుసు. నీ చేత్తో నువ్వే తిప్పి చూశావు. తెలిసి కూడా నన్ను ఒంటరిగా వదిలేసి వెళ్లిపోయావు. ఒక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదా? నేను నీకు ఓ కుళాయి పాటి చెయ్యనా?"

తిట్లు మొదలయ్యాయి. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆయన స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ ఆపేదాకా లేవకుండా, అడ్డు చెప్పకుండా, మొహం పక్కకు తిప్పుకోకుండా అన్నీ విన్నాడు.